బకెట్ సీటు ముందా, బ్రేక్ ఆయిల్ ముందా? ట్రాక్ డే ఉత్తరాలకి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ట్రాక్ డే గురించే, అందుకే మైలేజీ ప్రశ్నలు, సర్వీస్ సెంటర్ గొడవలు అన్నీ వచ్చే నెలకి పెట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. ట్రాక్ డే అంటే రేసు కాదు, ఎవరు ముందు ఎవరు వెనక అన్న లెక్కే ఉండదు, రోజూ ఆఫీసుకి తోలే కారునే తీసుకెళ్లి, డబ్బు కట్టి, మార్షల్సూ (జెండాలు పట్టుకుని ట్రాక్ పక్కన కాపలా ఉండేవాళ్లు) అంబులెన్సూ ఉన్న సర్క్యూట్ మీద పదిహేను ఇరవై నిమిషాల సెషన్లుగా మన చేతనైనంత స్పీడులో తిప్పుకోవడం. చెన్నైలో ఉన్న మనవాళ్లకి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్లు, 1990 నుంచి నడుస్తోంది, బెంగళూరు హైవే పక్కనే కాబట్టి అక్కణ్ణించి కూడా మనవాళ్లు తెల్లవారుజామునే బయల్దేరి వచ్చేస్తున్నారు. సంతోషం. కానీ ఉత్తరాలు చదువుతుంటే ఒక విషయం గుచ్చుకుంది, అందరూ కంటికి కనిపించే సామాను గురించే అడుగుతున్నారు, బెల్టు రంగు, సీటు షేపు... బ్రేకుల గురించి ఒక్కరూ అడగలేదు.

ప్ర: మాది ఒంగోలు, ఆరేళ్లుగా పెరుంగుడిలో ఉంటున్నా, కారు వర్టస్ 1.5. వచ్చే నెల ఫస్ట్ టైమ్ ట్రాక్ డేకి పేరిచ్చా. సేఫ్టీకి అని 60 వేలు పక్కన పెట్టుకున్నా. ఒక యాక్సెసరీస్ షాపులో బకెట్ సీటు (ఒంటిని పక్కల నుంచి పట్టి ఉంచే రేసింగ్ సీటు), నాలుగు పాయింట్ల హార్నెస్ వేస్తాం, పైన హెల్మెట్ కూడా వచ్చేస్తుంది అన్నారు. వేయించమంటారా అన్నా?

వేయించొద్దు తమ్ముడూ. డబ్బు దండగ అని కాదు చెప్పేది, ఇప్పుడు మీ కారులో ఉన్న రక్షణ తగ్గిపోతుంది, అందుకు.

కొంచెం ఓపిగ్గా వినండి, ఈ నెల నేను చెప్పదల్చుకుంది ముఖ్యంగా ఇదే. మీ కారులో కంపెనీ వేసిన సీటు, మూడు పాయింట్ల బెల్టు, ఎయిర్‌బ్యాగులు విడివిడి వస్తువులు కావు, మూడూ కలిసి పనిచేసేలా లెక్కగట్టి, గోడకి గుద్ది చూసి, మళ్లీ సరిచేసి పెట్టినవి. గుద్దుకోగానే ముందు బెల్టు ప్రీటెన్షనర్ లాగి పట్టుకుంటుంది, తర్వాత ఛాతీ మీద బరువు మరీ ఎక్కువ కాకుండా బెల్టు కాస్త వదుల్తుంది, ఆ వదిలే టైముకి ఎదురుగా బ్యాగు ఉబ్బి ఉంటుంది, ఇదంతా కనురెప్ప వేసేలోపు అయిపోతుంది. ఇందులోంచి ఒక్కటి పీకేసి ఆ చోట వేరే ఊరి సామాను పెడితే మిగతా రెండూ ఎవరికోసం పనిచెయ్యాలో తెలియని పరిస్థితి.

ఇక ఆ నాలుగు పాయింట్ల హార్నెస్ సంగతి. రెండు భుజాల పట్టీలు, రెండు నడుం పట్టీలు, మధ్యలో బకిల్. ముందు నుంచి గుద్దుకున్నప్పుడు భుజాల పట్టీలు బకిల్‌ని పైకి లాగుతాయి, దాంతో నడుం పట్టీ తుంటి ఎముక మీంచి జారి మెత్తటి కడుపు మీదికి ఎక్కుతుంది, మనిషి కిందికి జారిపోతాడు. దెబ్బ ఎముక మీద పడాల్సింది పేగుల మీద, కాలేయం మీద పడుతుంది. దీన్నే సబ్‌మెరీనింగ్ అంటారు. ఇది జరక్కుండా ఉండాలంటే తొడల మధ్య నుంచి కిందికి దిగే ఐదో పట్టీ, ఆరో పట్టీ ఉండాలి, అది దిగడానికి సీట్లో రంధ్రం ఉండాలి, కంపెనీ సీట్లో అది ఉండదు, బ్లేడుతో కోసి చెయ్యడం అసలు ఆలోచించొద్దు. కంపెనీ సీట్లో కూడా జారకుండా ఒక భుజం పట్టీకి ప్రత్యేకమైన కుట్టు పెట్టి ష్రోత్ అనే బెల్టుల కంపెనీ వాళ్లు చేసిన నాలుగు పాయింట్ల బెల్టులు ఉన్నాయి, కానీ మనకి షాపుల్లో వేలాడుతూ కనిపించే ఎర్రవి నీలంవి అవి కావు.

సరే, ఐదారు పాయింట్లది వేశారనుకుందాం, బకెట్ సీటూ వేశారు. అప్పుడు భుజాలు సీటుకి కట్టేసినట్టు ఉంటాయి, తల మాత్రం వదిలేసి ఉంటుంది, పైన హెల్మెట్ బరువు ఒకటి, గుద్దుకున్నప్పుడు ఆ బరువంతా మెడ మీదే. అందుకని హెల్మెట్‌ని పట్టుకుని మెడని కాపాడే హాన్స్ అనే కాలరు కావాలి. ఇంకోటి, కారు పల్టీ కొట్టి పైకప్పు నొక్కుకుపోతే మామూలు బెల్టులో మనిషి పక్కకి వాలగలడు, హార్నెస్‌లో నిటారుగా కూర్చునే ఉంటాడు, కాబట్టి పైకప్పు నొక్కుకోకుండా ఆపే ఉక్కు పైపు, అదే రోల్ బార్, కూడా కావాలి. చూశారా, ఒకటి మారిస్తే నాలుగు మార్చాలి. నాలుగూ మారిస్తే అది ఇక ట్రాక్ కారు, సోమవారం పొద్దున ఓఎమ్మార్ ట్రాఫిక్‌లో తోలే కారు కాదు. అందుకే నా మాట: అయితే కంపెనీ ఇచ్చింది ముట్టుకోకుండా మొత్తం ఉంచండి, లేదా ఎప్పటికో ఒక పాత కారు కొనుక్కుని దాన్ని మొత్తం మార్చండి. సగం సగం మాత్రం వద్దు.

మలుపుల్లో ఒళ్లు జారిపోతోంది అనిపిస్తే పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. సీటు ఒక నాలుగు వేళ్లు వెనక్కి జరుపుకుని బెల్టు పెట్టుకోండి, నడుం పట్టీ తుంటి ఎముకల మీద కిందికి ఉండేలా సర్దుకుని, భుజం పట్టీని ఒక్కసారి గట్టిగా గుంజండి, లాక్ అవుతుంది, అలా లాక్‌లో ఉండగానే సీటు ముందుకి జరుపుకోండి. బెల్టు బిగిసి కూర్చుంటుంది. ఎడమ కాలు డెడ్ పెడల్ (క్లచ్ పక్కన కాలు పెట్టుకునే పలక) మీద ఆనించి తన్ని పట్టుకోవడం అలవాటు చేసుకుంటే ఇంకా మేలు.

మరి 60 వేలు దేనికి పెట్టాలంటారా. మంచి హెల్మెట్ ఒకటి, మీ దగ్గర మిగిలిందంతా బ్రేకులకి, టైర్లకి, ఇంకా మిగిలితే పక్కన కూర్చుని నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కి. బ్రేకుల సంగతి కింద వేరేగా రాశాను, ఎవరూ అడక్కపోయినా.

ప్ర: బెంగళూరు బీటీఎం నుంచి. నాకు బైక్ ఉంది, ఐఎస్ఐ, ఈసీఈ రెండు మార్కులూ ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్ ఉంది, మంచి బ్రాండే. కారుకి మళ్లీ వేరే కొనాలా? తల తలే కదా సార్.

తల తలే గానీ దెబ్బ వేరు. బైక్ మీంచి పడినవాడు రోడ్డు మీద జారుతూ పోతాడు, కారులో ఉన్నవాడు కూర్చున్నచోటే ఉండి పిల్లర్‌కో, ఉక్కు పైపుకో, ఒకేచోట రెండు మూడుసార్లు తల కొట్టుకుంటాడు, పైగా మంట వస్తే బయటికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే స్నెల్ ఫౌండేషన్ వాళ్లు (1956లో రేసులో చనిపోయిన పీట్ స్నెల్ పేరు మీద మరుసటి ఏడాది పెట్టిన సంస్థ) వేర్వేరు స్టాండర్డ్‌లు ఇస్తారు, బైకులకి ఎం, కార్లకి ఎస్ఏ. ఎస్ఏలో రోల్ బార్‌కి గుద్దిన పరీక్ష ఉంటుంది, మంటకి తట్టుకునే పరీక్ష ఉంటుంది, ఎస్ఏ 2015 నుంచి హాన్స్ తగిలించుకునే ఏర్పాటు కూడా ఉండాలి. మన ఐఎస్ఐ మార్కు, యూరప్ ఈసీఈ 22.06 మార్కు రోడ్డు మీద బైకుకి చాలా మంచివి, వాటిని తక్కువ చెయ్యట్లేదు, కానీ వాటిలో మంట పరీక్ష లేదు.

ఇప్పుడు మీ సంగతి. మొదటిసారి, కంపెనీ బెల్టుతో, రోల్ కేజ్ (లోపల చుట్టూ వేసే ఉక్కు పైపుల చట్రం) లేని కారులో, ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్తున్నారు, నిర్వాహకులు బైక్ హెల్మెట్ ఒప్పుకుంటామన్నారు అంటే ఆ ఒక్కరోజు దానితో వెళ్లండి, ఎప్పుడూ కింద పడనిది, ఐదేళ్లు దాటనిది అయితేనే. ఇది నాకు నచ్చింది, మళ్లీ మళ్లీ వస్తాను అనుకున్నరోజు ఎస్ఏ కొనండి. కొంటే 2020 లేదా 2025 చూడండి, 2015ది చౌకగా వస్తోందని ఎవరో అంటే వద్దు. లోపల గుడ్డ పక్కకి తీస్తే స్నెల్ స్టిక్కర్ ఉంటుంది, అది చూడకుండా డబ్బు ఇవ్వొద్దు, మోడల్ పేరు స్నెల్ వాళ్ల సైటులో ఉన్న లిస్టులో ఉందో లేదో కూడా చూసుకోండి. వాడేసిన హెల్మెట్ మాత్రం అన్న దగ్గర్నుంచైనా తీసుకోవద్దు, లోపలి థర్మాకోల్ ఒకసారి నలిగితే పైకి కనపడదు.

సైజు ఫోటో చూసి ఆర్డర్ పెట్టే వస్తువు కాదిది. కనుబొమ్మల పైన టేపు పెట్టి కొలుచుకోండి, తొడిగాక బుగ్గలు కొంచెం నొక్కుకోవాలి, హెల్మెట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే మొహం చర్మం దాంతోపాటు కదలాలి, పట్టీ బిగించి వెనక నుంచి పైకి ఎత్తితే ఊడిరాకూడదు. షాపులోనే ఇరవై నిమిషాలు పెట్టుకుని కూర్చోండి, వాళ్లు ఏమనుకున్నా సరే. నుదుటి మీద ఒకేచోట నొప్పి పుడితే ఆ షేపు మీది కాదు. కళ్లజోడు వాళ్లు కళ్లజోడుతోనే చూసుకోవాలి.

ప్ర: హాన్స్ డివైస్ ఒకటి అమెరికా నుంచి వచ్చే బావగారితో తెప్పించుకుందామనుకుంటున్నా, కంపెనీ బెల్టే వాడతాను. పనికొస్తుందా? (అన్నానగర్)

రాదండీ. హాన్స్ అనేది రెండు భుజాల మీద రెండు పట్టీల కింద నొక్కిపెట్టి ఉంచే కాలరు లాంటిది, అది కదలకుండా ఉంటేనే హెల్మెట్‌ని పట్టుకుని మెడని కాపాడుతుంది, మీ కంపెనీ బెల్టు ఒక భుజం మీదే వస్తుంది కాబట్టి అది నిలవదు. మూడు పాయింట్ల బెల్టుతో కూడా పనిచేసేలా సింప్సన్ వాళ్లు చేసిన హైబ్రిడ్ ఎస్ అని ఒకటుంది, తెప్పించుకుంటే అది అడగండి. రాబర్ట్ హబ్బర్డ్ అనే ప్రొఫెసరూ, ఆయన బావమరిది రేసర్ జిమ్ డౌనింగూ కలిసి 1980ల్లో హాన్స్ చేస్తే చాలాకాలం రేసర్లే ఇబ్బందిగా ఉందని పెట్టుకోలేదు, 2001లో అమెరికాలో డేటోనా రేసులో డేల్ అర్న్‌హార్ట్ అనే పేరున్న రేసర్ పుర్రె అడుగు ఎముక విరిగి చనిపోయాక గానీ అక్కడి కార్ రేసుల సంస్థ నాస్కార్ తప్పనిసరి చెయ్యలేదు, ఫార్ములా వన్‌లో 2003లో వచ్చింది. అంత గొప్ప వస్తువు, కానీ దాని జోడు బెల్టు ఉంటేనే.

ప్ర: నేను బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను, ఐ20 ఎన్ లైన్ నాదే, నేనే తోలుతాను. ఎత్తు ఐదడుగులు. హెల్మెట్ పెట్టుకుంటే జడ అడ్డం వస్తోంది, స్టీరింగ్ దగ్గరగా కూర్చోవాల్సి వస్తోంది. ఎవరిని అడిగినా మగవాళ్ల లెక్కలే చెప్తున్నారు.

మంచి ప్రశ్న అడిగారమ్మా, నిజంగా ఎవరూ రాయని విషయం. ముందు స్టీరింగ్ దూరం. స్టీరింగ్ మధ్యలో ఎయిర్‌బ్యాగ్ మూత నుంచి మీ ఛాతీ ఎముక దాకా కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, స్కేలు పెట్టి కొలిపించుకోండి. తక్కువ వస్తే సీటు వెనక్కి జరపడం కాదు, బ్రేక్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి కదా, అందుకని సీటు అక్కడే ఉంచి సీటు వీపు కొంచెం వాల్చండి, స్టీరింగ్ ముందుకి వెనక్కి జరిగే సౌకర్యం ఉంటే దాన్ని డ్యాష్‌బోర్డు వైపు నెట్టుకోండి. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద పడాలి. హెల్మెట్ పెట్టుకుని ఇదంతా మళ్లీ చూసుకోండి, సన్‌రూఫ్ ఉన్న కారులో పైన చోటు తగ్గుతుంది, హెల్మెట్ పైకప్పుకి తగలకూడదు.

జడ విషయం, పైన ముడి వేస్తే హెల్మెట్ ఎత్తుకి లేచి లూజు అవుతుంది, మెడ దగ్గర కిందికి అల్లి చొక్కా లోపల వేసుకోండి, పల్చటి బలక్లావా (తలనీ మెడనీ కప్పే గుడ్డ ముసుగు) తొడుక్కుంటే చెమటా ఆగుతుంది, జుట్టూ చిక్కదు. ఇంకోమాట, చెవుల జూకాలు, గాజులు, మెడలో పొడవు గొలుసు, చున్నీ ఇవన్నీ తీసి జాగ్రత్తగా ఇంటివాళ్ల దగ్గర పెట్టి ఎక్కండి. ఏదైనా అయితే మార్షల్స్ హెల్మెట్ లాగేటప్పుడు చెవులు తెగుతాయి. నల్లపూసలు తియ్యనంటే పొట్టిగా చేసుకుని బనీను లోపలికి వెయ్యండి, బెల్టు కింద నలగకుండా.

ప్ర: ఫైర్ సిలిండర్ పెట్టుకోమన్నారు. డిక్కీలో ఒకటి పడేసుకుంటే చాలు కదా? (తాంబరం)

డిక్కీలో పడేసిన సిలిండరు మంట ఆర్పదు, బ్రేక్ కొట్టినప్పుడు వెనక సీటుని తన్నుతుంది. అసలు లేకపోవడమే నయం. బెల్టు పెట్టుకుని కూర్చున్నచోటు నుంచి చేతికి అందాలి, ఇనప బ్రాకెట్‌తో, సీటు పట్టాల బోల్టులకి బిగించి ఉండాలి, ప్లాస్టిక్ క్లిప్పు, వెల్క్రో పనికిరావు. మన దగ్గర కొనేటప్పుడు ఐఎస్ 15683 మార్కు చూడండి, ఒక కిలో నుంచి రెండు కిలోలది సరిపోతుంది, గేజీ ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. ఏబీసీ పౌడరు చౌక, మంట బాగానే ఆర్పుతుంది గానీ కారు లోపల కొడితే కళ్ల ముందు ఏమీ కనపడదు, తర్వాత వైర్లనీ లోహాన్నీ తినేస్తుంది, కడిగించడం తప్పదు. క్లీన్ ఏజెంట్ రకం (పౌడరు కాకుండా గ్యాసుతో ఆర్పేది) ఖరీదైనా మచ్చ మిగల్చదు, చేతిలో డబ్బుంటే అదే తీసుకోండి. కార్బన్ డయాక్సైడ్‌ది తలుపులు మూసిన కారులో కొట్టకూడదు, ఊపిరాడదు. పౌడరుది అయితే నెలకోసారి తలకిందులు చేసి బాగా కుదపండి, అడుగున గడ్డకడుతుంది.

పొగ కనపడితే మార్షల్ పోస్టు దగ్గర ఆపండి, వాళ్ల దగ్గర పెద్ద సిలిండర్లు ఉంటాయి. ఇంజన్ ఆపి, ముందు మీరు దిగండి. బోనెట్ గబుక్కున పైకి ఎత్తొద్దు, గాలి తగిలి మంట మొహం మీదికి లేస్తుంది, సందు మాత్రం తెరిచి అందులోంచి కొట్టాలి. కారు కోసం లోపలే కూర్చుని పోరాడొద్దు.

ఎవరూ అడగని ప్రశ్న: బ్రేకులు

నాకు జరిగింది చెప్తా. చాలా ఏళ్ల కింద ఒక మే నెలలో, చెన్నై ఎండ తెలుసుగా, నా కారు మూడో సెషన్‌లో స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా కిందికి వెళ్లిపోయింది, స్పాంజి తొక్కినట్టు. ఇంకోసారి తొక్కా, ఇంకోసారి, మూడోసారికి కొంచెం పట్టింది, గేర్లు దించుకుంటూ ట్రాక్ పక్కన మట్టిలోకి దిగి ఆగాను. ఎవరికీ ఏం కాలేదు. తలకి మంచి హెల్మెట్ ఉంది, చేతికి గ్లోవ్స్ ఉన్నాయి, బ్రేక్ ఆయిల్ మాత్రం మూడేళ్ల నాటిది. ఆ రోజు మట్టిలో కూర్చుని చేతులు వణుకుతుంటే అనుకున్నా, మనిషికి దెబ్బ తగలకుండా చేసే సామాను కన్నా దెబ్బదాకా రానివ్వని సామాను ముందు అని. అప్పట్నుంచీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే చెప్తున్నా.

ఏం జరిగిందంటే, బ్రేక్ ఆయిల్ గాలిలో తడిని పీల్చుకుంటుంది, చెన్నైలాంటి సముద్రం పక్క ఊళ్లో గాలి నిండా తడే. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని స్టాండర్డ్, తడి పట్టాక అదే 155కి పడిపోవచ్చు. మామూలుగా రోడ్డు మీద ఆ వేడి రాదు కాబట్టి మనకి తెలియదు, ట్రాక్ మీద లాప్ లాప్‌కీ గట్టిగా తొక్కుతుంటే ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్లో ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, బుడగ నలుగుతుంది గానీ ఒత్తిడి ముందుకి పంపదు, అదే ఆ స్పాంజి. కాబట్టి ట్రాక్ డేకి ముందు వారంలో కొత్త సీసా సీలు తీయించి మొత్తం ఆయిల్ మార్పించండి, డాట్ 4 అయినా సరే, 5.1 అయితే ఇంకా మంచిది (అది 260, తడి పట్టినా 180). డాట్ 5 అని ఒట్టి అంకె ఉన్నది సిలికాన్‌ది, అది మన కార్లలో పోయకూడదు, పేరు దగ్గరగా ఉందని పొరపాటు పడతారు. ప్యాడ్లు సగం కన్నా ఎక్కువ ఉండాలి. పెడల్ పొడవుగా వెళ్తోంది అనిపించిన క్షణం ఆ సెషన్ అయిపోయినట్టే, ఇంకో లాప్ చూద్దాం అనొద్దు. ఆఖరి లాప్ బ్రేక్ పెద్దగా ముట్టుకోకుండా నెమ్మదిగా తిరిగి రండి, వచ్చి ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, కాగిన డిస్కుకి ప్యాడ్ అంటుకుపోతుంది, గేర్లో పెట్టి చక్రానికి రాయి పెట్టండి.

టైర్లు కూడా ఇంతే ముఖ్యం. పక్కన డాట్ అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి, 3222 అంటే 2022లో 32వ వారం తయారైంది అని, ఆరేడేళ్లు దాటినవి, పక్కన ఉబ్బినవి, పగిలినవి ట్రాక్ మీదికి వద్దు, స్టెప్నీ పాతది తగిలించుకుని రావద్దు. చక్రం నట్లు టార్క్ రెంచితో, కారు పుస్తకంలో రాసిన లెక్కకి బిగించుకోండి, పంక్చర్ షాపు గాలి గన్నుతో కొట్టించి వచ్చేయొద్దు, మొదటి సెషన్ అయ్యి చల్లారాక మళ్లీ ఒకసారి చూడండి. కారులో వదులుగా ఉన్నవన్నీ దించెయ్యండి, డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్, నీళ్ల సీసా, గొడుగు, జాకీ, ఫోన్ స్టాండు. డ్యాష్‌బోర్డు మీద వినాయకుడి విగ్రహం డబుల్ టేపు మీద ఉంటే ఆయన్ని కూడా దణ్ణం పెట్టుకుని తీసి బ్యాగులో గుడ్డలో చుట్టి పెట్టండి, బ్రేక్ కొట్టినప్పుడు రాయిలా వస్తుంది.

ప్ర: పాత స్విఫ్ట్ ఉంది, మా ఏరియాలో గ్రిల్ వెల్డింగ్ చేసే ఆయన రోల్ కేజ్ 25 వేలకి చేస్తానన్నాడు. అదే కారులో పిల్లల్ని స్కూలుకి దింపుతాను. (ఆవడి)

ఈ ఒక్క ఉత్తరానికి మాత్రం బతిమాలి చెప్తున్నా, వద్దు. పిల్లల తల పక్కన ఉక్కు పైపు, తలకి హెల్మెట్ లేదు, చిన్న యాక్సిడెంట్లో కూడా ఆ పైపే చంపుతుంది. చుట్టూ నల్ల ఫోమ్ చుడితే చాలదు, కేజ్ మీద వేసే అసలు ప్యాడింగ్ గట్టిగా ఉంటుంది, హెల్మెట్ ఉన్న తల కోసం చేసింది అది. పైగా కిటికీ గ్రిల్ పైపు వేరు, కేజ్ పైపు వేరు. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల్లో ముఖ్యమైన హూప్‌కి (సీట్ల వెనక వంపు తిరిగి ఉండే పెద్ద పైపు) జాయింటు లేని, చల్లగా లాగి చేసిన ఉక్కు పైపు, 45 మిల్లీమీటర్ల వెడల్పు 2.5 మందం, లేదంటే 50 వెడల్పు 2 మందం ఉండాలని రాసి ఉంది, వంచే దగ్గర నలగకూడదు, నేల మీద ప్లేటు ఎంత ఉండాలో కూడా లెక్క ఉంది. గ్రిల్ పైపు పల్టీలో మడతపడి లోపలికే పొడుచుకొస్తుంది.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడాగా బండి మార్చకూడదు అనే చెప్తున్నాయి. ఆ 25 వేలతో స్విఫ్ట్‌కి నాలుగు మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయించండి, పిల్లలకి కూడా రోజూ పనికొస్తాయి.

ప్ర: చెన్నై ఎండలో రేసింగ్ సూట్ అవసరమా?

కంపెనీ కారుతో ట్రాక్ డేకి సాధారణంగా అడగరు. ఒంటినిండా నూలు బట్టలు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, జీన్స్ వేసుకోండి. క్రికెట్ జెర్సీ లాంటి పాలిస్టరువి వద్దు, మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. పలుచటి అడుగున్న బూట్లు, పెడల్ తెలియాలి, చెప్పులు, మందపాటి రన్నింగ్ షూస్ వద్దు. తర్వాత ఎప్పుడైనా సూట్ కొంటే దాని మీద అమెరికా రేసింగ్ సేఫ్టీ స్టాండర్డ్ ఎస్ఎఫ్ఐ 3.2ఏ/1 అనో 3.2ఏ/5 అనో రాసి ఉంటుంది, మొదటిది బొబ్బలెక్కకుండా సుమారు మూడు సెకన్లు, రెండోది సుమారు పది సెకన్లు ఇస్తుంది, కారులోంచి బయటపడటానికి ఆ ఏడు సెకన్ల తేడా చాలా పెద్దది. ఎండకి మాత్రం నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ సెషన్‌కీ సెషన్‌కీ మధ్య తాగుతూనే ఉండండి, దాహం వేసేదాకా ఆగొద్దు. తల తిరిగినట్టున్నా, మలుపు దగ్గర బ్రేక్ ఆలస్యంగా తొక్కుతున్నానేమో అనిపించినా ఆ సెషన్ మానేసి నీడలో కూర్చోండి.

ప్ర: బాబూ, నేను నెల్లూరు నుంచి రాస్తున్నా. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, పోయిన నెల ట్రాక్ డే అని మద్రాసు వెళ్తానంటే నాకు రాత్రంతా నిద్రలేదు. వద్దంటే వినడు. పుట్టినరోజు వస్తోంది, కనీసం వాడికి పనికొచ్చేది ఏదైనా కొనిద్దామని. ఏం కొనాలో చెప్పు నాయనా.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ధైర్యంగా ఉండండి. రాత్రిపూట చెన్నై సముద్రం పక్క ఈసీఆర్ రోడ్డు మీద ఫ్రెండ్స్‌తో పందెం వేసుకునే కుర్రాళ్ల కన్నా మీవాడు వెయ్యి రెట్లు మంచి దారిలో ఉన్నాడు, ట్రాక్ మీద ఎదురుగా లారీ రాదు, ఆవు అడ్డం రాదు, తప్పు చేస్తే జెండా ఊపి ఆపేవాళ్లు ఉంటారు, అంబులెన్స్ ఉంటుంది.

హెల్మెట్ మీరు కొని పంపొద్దు, సైజు తేడా వస్తే ఎందుకూ పనికిరాదు, డబ్బు ఇచ్చి తలకి సరిపడేది వాణ్ణే చూసి కొనుక్కోమనండి. అది ఉంటే ఒక రోజు ఇన్‌స్ట్రక్టర్ ఫీజు కట్టండి, నా మాట నమ్మండి, అంతకన్నా మంచి బహుమానం లేదు. ఎక్కడ బ్రేక్ తొక్కాలి, చూపు ఎక్కడ పెట్టాలి అని పక్కన కూర్చుని చెప్పే మనిషి ఒక్క పూటలో నేర్పింది ఏ సామానూ ఇవ్వదు.

తర్వాత వాణ్ణి మూడు విషయాలు అడగండి, కోప్పడకుండా. ఒకటి, ఇన్సూరెన్స్. మన కారు పాలసీల్లో ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటివాటికి వాడితే వర్తించదు అని రాసి ఉంటుంది, కాబట్టి అక్కడ కారు దెబ్బతింటే ఖర్చు జేబులోంచే అనుకుని వెళ్లాలి, హెల్త్ పాలసీలో కూడా సాహస క్రీడల మాట ఉందేమో చదువుకోవాలి. ఆ ఖర్చు భరించలేని కారుతో గట్టిగా తోలకూడదు. రెండోది, పక్కన ఫ్రెండుని ఎక్కించుకుంటున్నాడా అని. కొత్తలో వద్దనండి, ఇన్‌స్ట్రక్టర్ తప్ప.

మూడోది తిరుగు ప్రయాణం, నాకు అన్నిటికన్నా భయం అదే. పగలంతా ఎండలో ఒళ్లు అలిసిపోయి, బ్రేకులు టైర్లు అరిగిపోయి, మనసు ఇంకా ట్రాక్ స్పీడులోనే ఉండగా, ఆదివారం సాయంత్రం బెంగళూరుకి దాదాపు 300 కిలోమీటర్లు హైవే. వద్దమ్మా. ఆ రాత్రి చెన్నైలో పడుకుని పొద్దున్నే కారు కింద ఒకసారి చూసుకుని బయల్దేరమనండి. లేదంటే మీరే పిలవండి, ట్రాక్ నుంచి నెల్లూరు కూడా దూరమే గానీ బెంగళూరు అంత లేదు, ఇంకెవరైనా తోలేవాళ్లు ఉంటే వాళ్లకి స్టీరింగ్ ఇచ్చి మీ ఇంటికి వచ్చి అన్నం తిని పడుకుంటాడు.